ఉగ్రవాద నిరోధం మీద డిసర్టేషన్: పన్నెండు దేశాల పట్టిక పక్కన పెట్టండి

ప్రశ్న: ఎంఏ రాజనీతిశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. వివిధ దేశాల ఉగ్రవాద నిరోధక విధానాలను పోల్చి చూడాలని డిసర్టేషన్ టాపిక్ తీసుకున్నాను. నాలుగు నెలలుగా చదివి, పన్నెండు దేశాలతో ఒక పట్టిక తయారుచేశాను. ఒక వైపు కఠిన విధానం, ఇంకో వైపు మెతక విధానం. మా గైడ్ అది చూసి "అన్నీ బాగానే ఉన్నాయి, ఇందులో నీ ప్రశ్న ఏది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఫ్రెండ్స్‌లో సగం మంది అణచివేయడమే మార్గం అంటారు, మిగతా సగం చర్చలు, పునరావాసం అంటారు. ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనిపిస్తుంది. నేను నెట్‌లో ఇవన్నీ వెతుకుతుంటే అమ్మకు టెన్షన్. పేలుళ్ల గురించి, ఫొటోలతో సహా చదివి చదివి నాకు రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. టాపిక్ మార్చుకోమంటారా? (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: టాపిక్ మార్చుకోవద్దు. పట్టిక మాత్రం పక్కన పెట్టేయండి. నాలుగు నెలల కష్టమని తెలుసు, అయినా చెబుతున్నాను, ఎందుకంటే మీ గైడ్ అడిగిన దానికి ఆ పట్టికలో ఎంత వెతికినా జవాబు దొరకదు. ఈ విషయం చదవడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ ఇలాంటిదే గీసుకున్నాను. ఏ దేశం ఎటు అని నింపుకుంటూ పోతే కొన్నాళ్లకు ప్రతి దేశమూ రెండు గడుల్లోనూ కనిపించడం మొదలైంది.

బ్రిటన్‌నే చూడండి. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో సైనికులు నిరసన ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. 13 మంది ఆ రోజే చనిపోయారు, గాయపడ్డ ఇంకొకరు తర్వాత పోయారు. అదే ఏడాది జులై 7న, ఉత్తర ఐర్లండ్ వ్యవహారాలు చూసే మంత్రి విలియం వైట్‌లా లండన్‌లోని ఒక ఇంట్లో ఐఆర్ఏ (ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని ఆయుధాలు పట్టిన సంస్థ) నాయకులతో రహస్యంగా కూర్చుని మాట్లాడారు. ఆ చర్చలు ఫలించలేదు. జులై 21న బెల్‌ఫాస్ట్‌లో ఒక్క మధ్యాహ్నం ఇరవై దాకా బాంబులు పేలి తొమ్మిది మంది చనిపోయారు, ఆ నెలాఖరుకే సైన్యం భారీ ఎత్తున వీధుల్లోకి దిగింది. కాల్పులు, రహస్య చర్చలు, మళ్లీ సైన్యం, అన్నీ ఏడు నెలల్లోనే. ఇప్పుడు చెప్పండి, 1972 నాటి బ్రిటన్‌ను మీ పట్టికలో ఏ వైపు రాస్తారు?

కఠినం, మెతక అన్న మాటలు టీవీ చర్చలకు సరిపోతాయి, పరిశోధనకు చాలవు. వాటి బదులు ఒక ప్రశ్న ఇస్తాను, నచ్చితే మీదే చేసుకోండి. ఏ చర్యను చూసినా ఇలా అడగండి: ఇది జరిగాక, విషయం తెలిసినవాళ్లు నోరు విప్పారా, మూసుకున్నారా?

ఉగ్రవాదం బతికేది రహస్యం మీద. ఎవరు చేశారో, ఎక్కడ దాక్కున్నారో, తర్వాతి దాడి ఎప్పుడో కొద్దిమందికే తెలుసు, వాళ్ల చుట్టూ ఉన్న ఇంకొందరికి కాస్త అనుమానం ఉంటుంది. ఇంటి ఓనరు, అన్నదమ్ములు, పక్క ఫ్లాట్ ఆవిడ, సంఘం మీద విసుగు పుట్టిన కార్యకర్త. ఆ కొద్దిమంది నుంచి పోలీసుల దాకా మాట ఎలా వచ్చింది, లేదా రాకుండా ఎక్కడ ఆగిపోయింది, వచ్చాక దాన్ని ఏం చేశారు, అన్నది పట్టుకుంటే చట్టాలు, సైన్యం, చర్చలు, పునరావాసం అన్నిటినీ ఒకే కొలతతో చూడొచ్చు. పట్టిక ఇవ్వలేనిది అదే.

మళ్లీ ఉత్తర ఐర్లండ్‌కే వద్దాం, ఎందుకంటే ఇక్కడ ఒకే ఆయుధం ఒకే చోట రెండుసార్లు వాడిన సందర్భం ఉంది, పోల్చేవాళ్లకు ఇలాంటివి అరుదుగా దొరుకుతాయి. విచారణ లేకుండా నిర్బంధించడం అన్న చర్యను 1956 నుంచి 1962 దాకా సాగిన ఐఆర్ఏ సరిహద్దు దాడుల కాలంలో వాడారు. సరిహద్దుకు ఇటు ఉత్తర ఐర్లండ్‌లోనూ, అటు ఐర్లండ్ రిపబ్లిక్‌లోనూ వాడారు. 1962 ఫిబ్రవరిలో ఐఆర్ఏ దాడులు ఆపేసింది, జనం స్పందన తమకు అనుకూలంగా లేదన్న సంగతి తన ప్రకటనలోనే ఒప్పుకుంది. అప్పుడు పనిచేసింది కదా అని 1971 ఆగస్టు 9న మళ్లీ అదే చేశారు. తెల్లవారుజామున తలుపులు బద్దలు కొట్టి తొలి దఫాలో 342 మందిని పట్టుకుపోయారు. పోలీసుల దగ్గరున్న జాబితాలు పాతబడిపోయినవి. వంద మందికి పైగా రెండు రోజుల్లోనే వదిలేయాల్సి వచ్చింది. బ్రిటన్‌తోనే ఉండాలనే అవతలి పక్షంలో కూడా సాయుధ ముఠాలు ఉన్నాయి, తొలి దఫాలో వాళ్ల జోలికి పోలేదు. పట్టుకున్నవాళ్లలో 14 మంది తలల మీద ముసుగులు తొడిగి, గోడకు చేతులానించి గంటల తరబడి నిలబెట్టి, చెవులు హోరెత్తే శబ్దం మధ్య నిద్ర, తిండి, నీళ్లు సరిగా ఇవ్వకుండా ప్రశ్నించారు. అది అమానుషం, అవమానకరం అని 1978లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది.

సంఖ్యలు చూస్తే గుండె బరువెక్కుతుంది. 1971లో ఆ గొడవల్లో చనిపోయినవాళ్లు 170 మందికి పైగా, 1972లో సుమారు 480 మంది. ఇదంతా నిర్బంధం వల్లే జరిగిందని రాయకండి, డెర్రీ కాల్పులు ఉన్నాయి, ఐఆర్ఏ రెండుగా చీలడం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. మొదటిసారి నిర్బంధం పనిచేసిందంటే అప్పటికే జనం ఐఆర్ఏకు దూరంగా ఉన్నారు, రెండోసారి ఎవరింట్లో తలుపు విరిగిందో ఆ ఇంటివాళ్లే కాదు, ఆ వీధి వీధంతా పోలీసులతో మాట్లాడటం మానేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, అది ఇదే. 1975 డిసెంబర్ దాకా నిర్బంధం సాగింది, ఆలోగా దాదాపు రెండు వేల మందిని అలా లోపలేశారు.

పెరూ కథ చూస్తే ఇంకోలా ఉంటుంది. నాకు మటుకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పింది పెరూనే. షైనింగ్ పాత్ అనే సంఘం 1980లో హింస మొదలుపెట్టింది. సైన్యం పర్వత ప్రాంతాల పల్లెల మీద పడింది, పల్లెలు అటు వాళ్ల చేతిలోనూ ఇటు వీళ్ల చేతిలోనూ నలిగిపోయాయి. పన్నెండేళ్లు గడిచినా నాయకుడు అబిమాయెల్ గుస్మాన్ ఎక్కడున్నాడో సైన్యానికి అంతుపట్టలేదు. 1990లో పోలీసుల్లో ఒక చిన్న దళం ఏర్పడింది. వాళ్లకు డబ్బు లేదు, వాహనాలు సరిగా లేవు, పైవాళ్ల దృష్టిలో పెద్ద విలువా లేదు. వాళ్లు ఎవరినీ కొట్టలేదు. అనుమానం ఉన్నవాళ్లను వెంటనే పట్టుకోకుండా వెంటపడ్డారు, వాళ్లు ఎవరిని కలుస్తున్నారో రాసుకున్నారు.

లిమా నగరంలో ఒక ఇల్లు, కింద డాన్స్ స్కూల్. అక్కడ ఉంటున్నది ఒక జంట అని లెక్క. దళం వాళ్లు చెత్త తీసుకెళ్లే మనుషుల వేషంలో ఆ ఇంటి చెత్త సంచులు పట్టుకెళ్లి తెరిచి చూశారు. ఇద్దరు తినేదానికంటే ఎక్కువ తిండి మిగుళ్లు, గుస్మాన్ తాగుతాడని తెలిసిన రకం సిగరెట్ పీకలు, అతనికున్న సోరియాసిస్‌కు వాడే మందు ఖాళీ ట్యూబులు. 1992 సెప్టెంబర్ 12న లోపలికి వెళ్లి, ఒక్క ప్రాణం పోకుండా పట్టుకున్నారు. సంఘం వెన్ను అక్కడే విరిగింది.

ఆ చెత్త సంచి మీద ఒక అధ్యాయం రాయొచ్చు, నిజంగా. ఎందుకంటే ఆ దళం ఓపిగ్గా సిగరెట్ పీకలు ఏరుతున్న రోజుల్లోనే, అదే నగరంలో, అదే ప్రభుత్వం కింద సైన్యానికి చెందిన ఒక హంతక ముఠా పనిచేసింది. 1991 నవంబర్‌లో బార్రియోస్ ఆల్టోస్ అనే చోట వేడుకలో ఉన్న 15 మందిని కాల్చేసింది. వాళ్లలో ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. 1992 జులైలో లా కాంటూటా విశ్వవిద్యాలయం నుంచి తొమ్మిది మంది విద్యార్థులను, ఒక ప్రొఫెసర్‌ను ఎత్తుకుపోయి చంపింది. ఆ హత్యల వల్ల సంఘం కూలిపోలేదు. వాటికి బాధ్యుడిగా మాజీ అధ్యక్షుడు ఫుజిమోరికి 2009లో 25 ఏళ్ల శిక్ష పడింది. పెరూ సత్య, సయోధ్య కమిషన్ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం మొత్తం మృతులు సుమారు 69 వేల మంది, నమోదైన మరణాల్లో సగానికి పైగా, 54 శాతం, షైనింగ్ పాత్ చేసినవే. బలైనవాళ్లలో నలుగురిలో ముగ్గురి మాతృభాష కెచువా లేదా ఇతర ఆదివాసీ భాష. మీ డిసర్టేషన్‌లో సంఘం చేసిన హత్యలు, ప్రభుత్వం చేసిన హత్యలు రెండూ ఉండాలి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తక్కువ చేయకుండా.

ఇక్కడ పోల్చడానికి రెండు దేశాలు అక్కర్లేదని గమనించారా? ఒకే దేశం, ఒకే ఊరు, ఒకే రెండేళ్లు, రెండు పద్ధతులు. మీ గైడ్ అడిగిన 'ప్రశ్న' ఇలాంటి చోటే దొరుకుతుంది.

ఇటలీది మూడో దారి. అప్రూవర్ అంటే మనకు తెలుసు కదా, నేరంలో పాలు పంచుకుని తర్వాత సాక్షిగా మారేవాడు. ఇటలీ దాన్ని ఒక విధానంగానే మార్చుకుంది. అంతకుముందు పరిస్థితి చూడండి. 1978 మార్చి 16న రెడ్ బ్రిగేడ్స్ అనే అతివాద వామపక్ష సంఘం మాజీ ప్రధాని ఆల్డో మోరోను రోమ్ వీధిలో కిడ్నాప్ చేసింది, ఆయన అంగరక్షకులు ఐదుగురిని చంపింది. రెండు రోజులకు పోలీసులు వియా గ్రాడోలి అనే వీధిలో ఒక ఫ్లాట్ తలుపు తట్టారు. ఎవరూ తీయలేదు. వెళ్లిపోయారు. అది రెడ్ బ్రిగేడ్స్ స్థావరమని నెల తర్వాత తెలిసింది, అదీ నీళ్లు కారి కింద ఫ్లాట్‌లోకి దిగితే ఫైర్ సిబ్బంది వచ్చి చూడటం వల్ల. 55 రోజుల తర్వాత, మే 9న, మోరో శవం ఒక కారు డిక్కీలో దొరికింది. ఇంత జరిగాక వచ్చిన కొత్త చట్టాల్లో ఒక అంశం ఏమిటంటే, పోలీసులకు నిజంగా సహకరించిన నిందితుడికి శిక్ష బాగా తగ్గిస్తారు. 1980లో పట్టుబడ్డ పాట్రిజియో పెచి అనే నాయకుడు నోరు విప్పాడు, ఆయన వెనకాలే ఇంకొందరు, స్థావరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

దీన్ని విజయగాథగా మాత్రమే రాస్తే తప్పవుతుంది. రెడ్ బ్రిగేడ్స్ 1981లో పెచి తమ్ముణ్ణి కిడ్నాప్ చేసి చంపింది. హత్యలు చేసినవాళ్లు కొద్ది ఏళ్లకే బయటికొస్తుంటే చనిపోయినవాళ్ల ఇళ్లలో ఎలా ఉంటుందో ఆలోచించండి. 1982లో పట్టుబడ్డ కొందరిని పోలీసులు చిత్రహింసలు పెట్టిన కేసులు కూడా ఉన్నాయి, కాబట్టి ఇటలీ అంతా చట్టబద్ధంగానే చేసిందనీ రాయలేం. అయినా, లోపలివాడికి బయటికొచ్చే దారి ఒకటి చూపిస్తే సంఘం లోపలి నుంచే విచ్చుకుపోతుందన్నది ఇటలీలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

అణచివేత పనిచేస్తుందనే మీ ఫ్రెండ్స్ శ్రీలంక పేరు చెప్పే ఉంటారు. చెప్పాల్సిందే, 2009 మేలో ఎల్టీటీఈ సైనికంగా పూర్తిగా ఓడిపోయింది, దాన్ని కాదనలేం. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పిన ప్రకారం ఆ చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చు, దాన్నీ కాదనలేం. కానీ మన ప్రశ్న ఇక్కడా అడగండి. 2004లో తూర్పు ప్రాంత కమాండర్ కరుణ తన మనుషులతో సహా ఎల్టీటీఈ నుంచి విడిపోయాడు, తర్వాత ప్రభుత్వం వైపు వచ్చాడు. అంటే అక్కడ కూడా లోపలివాళ్ల నుంచి తెలిసిన సంగతుల పాత్ర ఉంది. ఎల్టీటీఈ ఓడిన పదేళ్లకు, 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ రోజున, చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలి 250 మందికి పైగా చనిపోయారు. దాడి జరగబోతోందని విదేశీ ఇంటెలిజెన్స్ నుంచి ముందే హెచ్చరికలు వచ్చాయి, ఎవరూ కదల్లేదు. 2023లో ఆ దేశ సుప్రీంకోర్టు అప్పటి అధ్యక్షుణ్ణి సొంత డబ్బులోంచి 10 కోట్ల శ్రీలంక రూపాయల నష్టపరిహారం కట్టమంది. అంత పెద్ద సైనిక విజయం సాధించిన రాజ్యం చేతికొచ్చిన సమాచారాన్ని వాడుకోలేకపోయింది.

నార్వేలో కూడా ఇలాంటిదే, ఇంకా చిన్న స్థాయిలో, అందుకే ఇంకా బాధగా ఉంటుంది. 2011 జులై 22న ఓస్లోలో బాంబు పేలిన పది నిమిషాలకే ఒక వ్యక్తి పోలీసులకు ఫోన్ చేశాడు, పోలీసు యూనిఫాంలా ఉన్న దుస్తుల్లో తుపాకీ పట్టుకున్న మనిషిని చూశానని, అతను ఎక్కిన బండి నంబరు ఇదని చెప్పాడు. ఆపరేటర్ ఒక పసుపు కాగితం మీద రాసి ఆపరేషన్స్ గదిలో ఇచ్చింది. ఆ కాగితం దాదాపు ఇరవై నిమిషాలు బల్ల మీదే ఉండిపోయింది. ఆ బండి యువజన శిబిరం జరుగుతున్న ఉటోయా ద్వీపం వైపు వెళ్తోంది. ఆ రోజు మొత్తం 77 మంది చనిపోయారు, ద్వీపంలోనే 69 మంది, ఎక్కువమంది యువతీయువకులే. దాడి చేసినవాణ్ణి తర్వాత మామూలు కోర్టులో, మామూలు శిక్షాస్మృతి కిందే విచారించారు. ఏ ప్రత్యేక చట్టం ఉన్నా లేకపోయినా, ఆ కాగితం బల్ల మీద నుంచి ముందే లేచి ఉంటే ఏమయ్యేదన్నది వేరే సంగతి. ఉగ్రవాద నిరోధం అంటే చట్టాలు, కమాండోలు అనుకుంటాం. అందులో సగం ఆఫీసు పనే, ఎవరు ఎవరికి ఏ కాగితం ఎంతసేపట్లో ఇచ్చారన్నదే. ఆ సగాన్ని ఎవరూ రాయరు, మీరు రాయండి.

మెతక విధానమే మంచిదని నేను చెబుతున్నట్టు అనిపిస్తే, కాదు. 2019 నవంబర్ 29న లండన్‌లో ఖైదీల చదువు, పునరావాసం మీద ఒక సమావేశం జరుగుతుంటే, జైలు నుంచి విడుదలై ఆ కార్యక్రమానికే వచ్చిన ఒకడు కత్తితో దాడి చేసి ఇద్దరు యువకార్యకర్తలను చంపాడు. ఖైదీలు మారగలరని నమ్మి పనిచేసిన పిల్లలు వాళ్లు. సౌదీ అరేబియా పునరావాస కేంద్రం నుంచి బయటికొచ్చినవాళ్లలో కొందరు 2009లో యెమెన్‌లోని అల్‌ఖైదాలో తేలారు. ఇలాంటివి చూపించి పునరావాసం దండగ అని రాయడమూ తప్పే, మారి బతుకుతున్నవాళ్లు వార్తల్లోకి రారు కాబట్టి. అక్కడా ఇదే ప్రశ్న: మనిషి నిజంగా మారాడా, నటిస్తున్నాడా అన్నది అధికారులకు ఎవరు చెప్పగలరు, వాళ్లను అడిగారా?

అత్యవసర చట్టాల గురించి ఒక్క మాట. 1974 నవంబర్ 21న బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజులకే బ్రిటన్ ఒక చట్టం చేసింది, దాని పేరులోనే 'తాత్కాలిక' అని ఉంది. అది రూపాలు మారుతూ 2000లో శాశ్వత చట్టం వచ్చేదాకా సాగింది. పేలుళ్ల కేసులో ఆరుగురికి యావజ్జీవం పడింది, పోలీసు కస్టడీలో కొట్టి రాయించుకున్న ఒప్పుకోళ్ల ఆధారంగా. 16 ఏళ్లు జైల్లో ఉన్నాక 1991లో శిక్షలు రద్దయి విడుదలయ్యారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, కావలసిన జవాబు ముందే అనుకుని కొడితే ఆ జవాబే వస్తుంది, అసలు చేసినవాళ్లు మాత్రం బయటే ఉంటారు. భారత్‌లో టాడా కూడా 1985లో రెండేళ్ల కోసమని మొదలై 1995 దాకా సాగింది. 2002లో వచ్చిన పోటాను 2004లో రద్దు చేసి, అదే ఏడాది అందులోని చాలా అంశాలను యూఏపీఏలోకి తెచ్చారు. ఏ దేశంలోనైనా తాత్కాలిక చట్టం ఎప్పుడు, ఎలా పోయింది, పోయినప్పుడు దాని వెనక ఏం మిగిలింది అన్నది చిన్న డిసర్టేషన్‌కు చక్కటి అంశం.

ఇప్పుడు అంకెలు. మీ పట్టికలో 'ఫలితం' అన్న గడిలో దాడుల సంఖ్య రాసి ఉంటారని ఊహిస్తున్నాను. దాడులు తగ్గాయి, కాబట్టి విధానం పనిచేసింది అని అనుకోవడం చాలా సులువు. అమెరికాలో 1973 జనవరి నుంచి విమానాశ్రయాల్లో ప్రతి ప్రయాణికుణ్ణీ తనిఖీ చేయడం మొదలైంది, హైజాక్‌లు ఒక్కసారిగా పడిపోయాయి. కానీ ఆ ఫిబ్రవరిలోనే, హైజాకర్లను శిక్షించడమో తిప్పి పంపడమో చేస్తామని క్యూబాతో ఒప్పందం కుదిరింది, అప్పట్లో చాలామంది హైజాకర్లు వెళ్లేది క్యూబాకే. రెండిట్లో ఏది పనిచేసింది? పైగా విమానాలు కష్టమయ్యాక బందీలను పట్టుకునే ఇతర దాడులు పెరిగాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయం దగ్గర 1970 నుంచి నమోదైన రెండు లక్షలకు పైగా ఘటనల డేటాబేస్ ఉంది, దాన్ని తప్పక చూడండి, కానీ అది ప్రధానంగా వార్తల ఆధారంగా తయారైందని మర్చిపోకండి. పత్రికలు లేని చోట జరిగింది అందులోకి సరిగా రాదు. అందులో 1993 సంవత్సరం లెక్కలు ఉండవు, మొదట సేకరించిన సంస్థ ఆఫీసు మారేటప్పుడు ఆ ఏడాది కార్డులు పోయాయి. గ్రాఫ్ గీసేటప్పుడు ఆ ఖాళీని చూసి 1993లో శాంతి ఉందనుకోకండి. అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008 అధ్యయనం కూడా మీ ఫ్రెండ్స్ వాదనల్లోకి వస్తుంది. 1968 నుంచి 2006 దాకా 648 సంఘాలను చూసి, ముగిసిపోయిన వాటిలో 43 శాతం రాజకీయ మార్గంలోకి వచ్చి ముగిశాయని, 40 శాతం పోలీసు, ఇంటెలిజెన్స్ పని వల్ల, 7 శాతం సైనిక చర్య వల్ల అని చెప్పింది. మంచి లెక్కే. అయితే పదిమంది ముఠా, పదివేల మంది సైన్యం ఆ లెక్కలో చెరొకటే. ఇంకోటి, 2006లో వచ్చిన ఒక సమీక్ష ఇరవై వేలకు పైగా రచనలు చూస్తే, ఏ చర్య పనిచేసిందో ఓ మాదిరి శాస్త్రీయంగానైనా పరీక్షించినవి ఏడే ఏడు దొరికాయి. మీ దగ్గర గట్టి జవాబు లేదని సిగ్గుపడకండి, ఈ రంగంలో చాలామంది పెద్దల దగ్గరా లేదు.

నిర్వచనం మీద నలభై పేజీలు రాయకండి. ఒక పరిశోధకుడు 1988 నాటికే 109 నిర్వచనాలు లెక్కపెట్టాడు, ఐక్యరాజ్యసమితి 1996లో కమిటీ వేసి కూడా సమగ్ర ఒప్పందానికి ఇంతవరకు రాలేకపోయింది. ఒక నిర్వచనం ఎంచుకుని, ఎందుకో రెండు పేజీల్లో చెప్పి ముందుకు వెళ్లండి.

చదవడం సిద్ధాంత గ్రంథాలతో కాకుండా కమిషన్ నివేదికలతో మొదలుపెట్టండి. డెర్రీ కాల్పుల మీద 2010లో వచ్చిన సావిల్ విచారణ, పెరూ కమిషన్ నివేదిక, అమెరికాలో సెప్టెంబర్ 11 దాడుల మీద 2004 నివేదిక, సీఐఏ చిత్రహింసల మీద సెనేట్ కమిటీ 2014లో విడుదల చేసిన సారాంశం, నార్వే 2012 నివేదిక. వీటిలో సాక్షుల మాటలు ఉంటాయి, గంట, నిమిషం లెక్కలు ఉంటాయి. పసుపు కాగితం లాంటివి అక్కడే దొరుకుతాయి.

అమ్మగారి టెన్షన్ విషయం. ఆమె భయంలో అర్థం లేకపోలేదు. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఒక పీజీ విద్యార్థి, ఇదే అంశం మీద చదువుతూ, అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉన్న అల్‌ఖైదా పత్రం డౌన్‌లోడ్ చేసుకున్నందుకు ఆరు రోజులు నిర్బంధంలో ఉన్నాడు. కేసు పెట్టలేదు, తర్వాత పోలీసులు 20,000 పౌండ్ల పరిహారం ఇచ్చారు, కానీ ఆ ఆరు రోజులు తిరిగి రావు కదా. కాబట్టి సంఘాల ప్రచార పత్రాలు, వీడియోలు, మాన్యువళ్ల జోలికే వెళ్లకండి, మీ ప్రశ్నకు అవి అక్కర్లేదు, మీరు చదివేది ప్రభుత్వాలు ఏం చేశాయన్నది. కొన్ని దేశాల్లో అలాంటివి దగ్గర ఉంచుకోవడమే నేరం. టాపిక్, చదవబోయే వాటి జాబితా ఒక కాగితం మీద రాసి గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ ముద్ర వేయించుకోండి. వీలైనంత వరకు లైబ్రరీ నుంచే చదవండి. ఆన్‌లైన్ గ్రూపుల్లో చేరి 'పరిశోధన కోసం' అని ఎవరితోనూ మాట్లాడకండి, అది అనుభవం, అనుమతులు, వెనక ఒక సంస్థ ఉన్నవాళ్లు చేసే పని. ఆ కాగితం అమ్మగారికి చూపించి, మీరు చదివేది ఏమిటో ఒక సాయంత్రం కూర్చుని చెప్పండి. ఆ చెత్త సంచి కథ చెప్పండి, ఆమెకు నచ్చుతుంది.

నిద్ర సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఫొటోలు చూడటం ఈ రోజే ఆపేయండి. శవాల ఫొటో ఏ వాదాన్నీ బలపరచదు. సాక్ష్యాలు పగటిపూట చదవండి, సాయంత్రం తర్వాత ఫుట్‌నోట్లు సరిచూడటం, టైపింగ్ లాంటివి పెట్టుకోండి. వారంలో ఒకటి రెండు రోజులు ఈ పుస్తకాలు ముట్టుకోకండి. ఇలా చేసినా మరో రెండు మూడు వారాల్లో నిద్ర కుదురుకోకపోతే, లేదా పగలు కూడా ఆ దృశ్యాలే కళ్లముందు తిరుగుతుంటే డాక్టర్‌ను గాని కౌన్సెలర్‌ను గాని కలవండి. ఈ అంశం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకూ ఇది జరుగుతుంది, మీరు బలహీనులని కాదు.

గైడ్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు మూడు వాక్యాలు పట్టుకెళ్లండి, చాలు. ఒకటి, 1956-62 నాటి, 1971 నాటి నిర్బంధాలను పోల్చడం, ఒకే చర్యకు రెండు ఫలితాలు ఎందుకు వచ్చాయని. రెండు, 1990 నుంచి 1992 దాకా లిమాలో పోలీసు దళం, హంతక ముఠా, పక్కపక్కన. మూడు, ఇటలీలో శిక్ష తగ్గింపు చట్టం ఎవరి నోరు విప్పించింది, దాని మూల్యం ఎవరు చెల్లించారు. మూడిట్లో ఏది చెబుతున్నప్పుడు మీ గొంతులో ఉత్సాహం వినబడిందో ఆయనే చెబుతారు. నన్నడిగితే రెండోదే, కాకపోతే అసలు పత్రాలు చాలావరకు స్పానిష్‌లో ఉంటాయి. మీకున్న సమయంలో ఆ భాష రాకపోతే మొదటిది తీసుకోండి, దానికి కావలసిన ఆర్కైవ్‌లు, విచారణ నివేదికలు ఇంగ్లిష్‌లో, ఇంటి నుంచే దొరుకుతాయి. పట్టికను పారేయొద్దు, అందులో ఆ ఒక్క దేశం వరసను కత్తిరించి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించుకోండి, అక్కడ నుంచి మొదలుపెట్టండి.